‘వద్దు’ అనమంటే సరిపోతుందా?

గల్ఫ్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, మనలో చాలామందిది ఒకటే భయం: ఊళ్లో కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో! ఈ భయం అమెరికాలో తల్లిదండ్రులకు మనకంటే ముందే పట్టుకుంది. వాళ్లు ఏం చేశారో, అందులో ఏది పనికొచ్చిందో ఈసారి చెప్పుకుందాం.

1982లో అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ రీగన్ ఓక్లాండ్‌లో ఒక స్కూలుకు పోయింది. ఎవరన్నా డ్రగ్స్ ఇస్తే ఏం చెయ్యాలని ఒక పాప అడిగింది. వద్దని చెప్పు చాలు అన్నదామె. ఆ మాటే దేశమంతా నినాదమైంది. 1983లో లాస్ ఏంజెలెస్ పోలీసులు, అక్కడి స్కూళ్లు కలిసి ‘డేర్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. యూనిఫాంలో పోలీసాయన క్లాసుకొచ్చి మత్తుమందుల నష్టాలు చెప్తాడు. కొన్నేళ్లలో ఇది దేశంలో చాలా స్కూళ్లకు పాకింది.

ఫలితం? ఆరో తరగతిలో ఉన్న సుమారు వెయ్యిమంది పిల్లలను పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల వయసులో మళ్లీ చూశారు. డేర్ పాఠం విన్నవాళ్లకు, విననివాళ్లకు పెద్ద తేడా లేదని 1999లో తేల్చారు.

ఎందుకంటే గంజాయి చేతిలో పెట్టేది సినిమా విలన్ కాదు, పక్క బెంచీ దోస్తు. నష్టం తెలియక కాదు, దోస్తానా పోతుందనే పిల్లాడు తీసుకుంటాడు. సైటులో ‘బెల్టు కట్టుకో’ అని బోర్డు పెడితే సరిపోదు కదా. హుక్కు ఎక్కడ తగిలించాలో చేయించి చూపించాలి. ఇదీ అంతే.

ఫీనిక్స్‌లో పరిశోధకులు ఈ పనే చేశారు. మీరెట్లా తప్పించుకుంటారని పిల్లలనే అడిగారు. నాలుగు దారులు తేలాయి: సూటిగా వద్దనడం, కారణం చెప్పడం, అట్లాంటి చోటికి పోకపోవడం, లేచి వచ్చేయడం. వీటిని క్లాసులో పిల్లలతోనే చేయించి అలవాటు చేశారు. 35 స్కూళ్లలో పరీక్షిస్తే, ఈ పాఠం నేర్చినవాళ్లలో మందు, సిగరెట్, గంజాయి వాడకం మిగతావాళ్లలో పెరిగినంతగా పెరగలేదు. 2009లో డేర్ కూడా పెద్ద తరగతుల పిల్లలకు ఈ పాఠాన్నే తీసుకుంది.

మనకు క్లాసు లేదు, ఫోనుంది. మార్కులు అడిగి పెట్టేయకండి. “ఎవడన్నా ఇస్తే ఏమంటావురా?” అని అడగండి. మీరే దోస్తులా బతిమాలండి, వాడితో జవాబు చెప్పించండి. ఏమనాలో తోచకపోతే నెపం మీ మీద వేయమనండి: “మా నాన్న రాత్రికి వీడియో కాల్ చేస్తడు, కళ్లు చూసి పట్టేస్తడు.”

ఆ మాట అబద్ధం కాకుండా, రాత్రికి కాల్ చేయండి.