తలకు దెబ్బ తగిలాక 'హెర్నియేషన్' అంటే ఏమిటి?

సైట్‌లో పైనుంచి పడినవాళ్ల గురించి ఐసీయూ నుంచి ఇంటికి ఫోన్ వస్తే, "మెదడులో ప్రెషర్ పెరిగింది, హెర్నియేషన్ అవుతోంది" అనే మాట వినపడుతుంది. దాని అర్థం తెలిస్తే డాక్టర్‌ను ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

ప్రెషర్ ఎందుకు పెరుగుతుంది?
పుర్రె సాగని పెట్టె లాంటిది. లోపల మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు ఉంటాయి. రక్తం గడ్డకట్టినా, మెదడు వాచినా ఆ నీరు కొంత వెన్ను వైపు జారి చోటిస్తుంది. ఆ చోటు అయిపోతే ప్రెషర్ వేగంగా పెరుగుతుంది. పెద్దవాళ్లలో మామూలుగా ఇది 7 నుంచి 15 దాకా ఉంటుంది. తలగాయం కేసుల్లో 22 దాటితే చికిత్సతో తగ్గించాలి.

సగటు బీపీలోంచి ఈ ప్రెషర్ తీసేస్తే మిగిలేదే మెదడుకు రక్తాన్ని నెట్టే బలం. బీపీ 90, లోపలి ప్రెషర్ 10 అయితే 80 మిగులుతుంది. లోపల 40 అయితే మిగిలేది 50 మాత్రమే. డాక్టర్లు దాన్ని 60–70 మధ్య ఉంచడానికి చూస్తారు.

హెర్నియేషన్ రకాలు
ప్రెషర్‌కు మెదడు తన చోటు వదిలి పక్కకో, కిందికో జరగడమే హెర్నియేషన్.
• సబ్‌ఫాల్సిన్: ఒక పక్క మెదడు నడిమి పొర కింద నుంచి రెండో పక్కకు జరుగుతుంది.
• అంకల్: కణత వైపు మెదడు కిందికి జారుతుంది. సాధారణంగా ఆ పక్క కంటిపాప పెద్దదవుతుంది, ఎదుటి పక్క కాలు, చెయ్యి పట్టు తప్పుతాయి.
• సెంట్రల్: రెండు పక్కలా మెదడు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది, స్పృహ పోతుంది.
• టాన్సిలర్: చిన్న మెదడు పుర్రె అడుగు రంధ్రంలోకి దిగుతుంది. ఊపిరి ఆగిపోవచ్చు.

రూమ్‌లో ఉన్నవాళ్లకు
దెబ్బ తగిలినవాళ్లు కొందరు లేచి బాగానే మాట్లాడి, కొన్ని గంటలకు పడిపోతారు. "పడుకుంటే తగ్గుతుందిలే" అని వదిలేయకండి. ఎక్కువయ్యే తలనొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, తికమక మాటలు, ఫిట్స్, లేపినా లేవకపోవడం కనిపిస్తే వెంటనే అంబులెన్స్ పిలవండి: యూఏఈ 998, సౌదీ 997, ఖతర్ 999, బహ్రెయిన్ 999, కువైట్ 112, ఒమన్ 9999. మెడ కదపకండి, ఆస్పిరిన్ ఇవ్వకండి.

ఇంట్లోవాళ్లు అడగాల్సినవి
ప్రెషర్ ఎంత ఉంది? కంటిపాపలు వెలుగుకు స్పందిస్తున్నాయా? సీటీ స్కాన్‌లో మెదడు ఎంత జరిగింది? ఆపరేషన్ అవసరమా? రిపోర్టుల కాపీలు తప్పక తీసుకోండి. పరిహారం కోసం, ఊరికి వచ్చాక చికిత్స కోసం అవే ఆధారం.