బ్యాచ్ ఆడియో ప్రాసెసింగులో మునుజూపు, పోలిక

బ్యాచ్ ఆడియో ప్రాసెసింగు అనగా అనేక శబ్ద ఫైళ్ళపై ఒకే రకమైన మార్పులను ఒకే ఆదేశంతో కంప్యూటరు చేత చేయించే పద్ధతి. రొద తగ్గించడం, ధ్వని స్థాయిని సమం చేయడం, అనవసరమైన నిశ్శబ్దాన్ని కత్తిరించడం, ఒక ఫార్మాటు నుండి మరొక ఫార్మాటుకు మార్చడం ఈ పద్ధతిలో సాధారణంగా జరిగే పనులు. ఈ మార్పులను ఫైళ్ళన్నిటికీ వర్తింపజేయక ముందు కొద్ది భాగంపై ప్రయోగించి వినే సదుపాయాన్ని మునుజూపు అంటారు. మార్పుకు ముందు, తరువాత ఉన్న శబ్దాలను వెంటవెంటనే విని బేరీజు వేసే సదుపాయాన్ని పోలిక అంటారు.

ఒక్కొక్క ఫైలును విడిగా సరిదిద్దేటప్పుడు పొరపాటు జరిగితే ఆ ఒక్క ఫైలే చెడుతుంది. బ్యాచ్ పద్ధతిలో ఒకే నిర్ణయం వందల ఫైళ్ళకు వర్తిస్తుంది గనుక పొరపాటు కూడా అన్నిటికీ వ్యాపిస్తుంది. అందుచేత ఈ సాఫ్టువేర్లలో మునుజూపు, పోలిక అలంకారప్రాయమైనవి కావు, అవసరమైన రక్షణలు. మాండలికాలు, జానపద గేయాలు, వృద్ధుల జ్ఞాపకాలు వంటి తిరిగి లభించని రికార్డుల విషయంలో వీటి ప్రాముఖ్యం మరింత ఎక్కువ.

నేపథ్యం

తెలుగు మాటను యంత్రంపై భద్రపరచే ప్రయత్నాలు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల నాటివి. జార్జి గ్రియర్సన్ నిర్వహించిన భారత భాషా సర్వేక్షణకు అనుబంధంగా ఆ కాలంలో గ్రామఫోను రికార్డులు తయారయ్యాయి. వాటిలో తెలుగు నమూనాలు కూడా ఉన్నాయి. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన డిజిటల్ దక్షిణాసియా గ్రంథాలయం ఈ రికార్డులను అంతర్జాలంలో వినేందుకు అందుబాటులోకి తెచ్చింది.

ప్రస్తుత కాలంలో ఇటువంటి సేకరణ చాలా పెద్ద ఎత్తున జరుగుతోంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఆర్ట్‌పార్క్ సంస్థ, గూగుల్ కలసి 2022లో ప్రకటించిన "వాణి" ప్రాజెక్టు దేశంలోని 773 జిల్లాల నుండి సుమారు 1,50,000 గంటల మాటలను సేకరించడం లక్ష్యంగా పెట్టుకున్నది. ప్రజలకు చిత్రాలు చూపించి వాటి గురించి వారి భాషలో మాట్లాడించడం ఇందులోని పద్ధతి. అనంతపురం జిల్లా నుండి సేకరించిన మాటలు కూడా ఇందులో ఉన్నాయి. ఇంత పెద్ద మొత్తాన్ని మనుషులు మొదటి నుండి చివరి దాకా కూర్చుని వినడం సాధ్యం కాదు. ఇటువంటి చోట బ్యాచ్ పద్ధతి తప్పనిసరి అవుతుంది.

సాఫ్టువేర్లు

ఈ పనికి ఉచితంగా లభించే ప్రధానమైన సాఫ్టువేర్లు ఇవి:

* సాక్స్: లాన్స్ నార్స్‌కాగ్ 1991లో విడుదల చేశాడు. ఆదేశాలను టైపు చేసి నడపాలి. వందల ఫైళ్ళను వరుసగా మార్చడానికి అనువైనది.
* ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్: ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో ప్రారంభించాడు. ఫార్మాటు మార్పిడికి, ధ్వని స్థాయిని సమం చేయడానికి విస్తృతంగా వాడుతున్నారు.
* ఆడాసిటీ: కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డాన్నెన్‌బర్గ్ రూపొందించారు. 2000 మే నెలలో విడుదలైంది. బొమ్మలు, మెనూలతో ఉండడం వలన విద్యార్థులకు సులభం.

ఆడాసిటీలో బ్యాచ్ పని కోసం మొదట "చైన్స్" అనే సదుపాయం ఉండేది. 2018లో దానిని విస్తరించి "మాక్రోలు" అని పేరు మార్చారు. చాలా ఎఫెక్టులకు మునుజూపు మీట ఉన్నది. సాధారణ అమరికలో అది మొదటి 6 సెకన్లు మాత్రమే వినిపిస్తుంది. ఈ నిడివిని అమరికలలో పెంచుకోవచ్చు. 2022 సెప్టెంబరులో విడుదలైన 3.2 వెర్షనులో శబ్దం మోగుతూ ఉండగానే ఎఫెక్టును వేసి, తీసి వినే ఏర్పాటు వచ్చింది. దీని వలన పోలిక సులభమయింది.

అయితే 6 సెకన్ల మునుజూపు ఒక ఫైలులోని ఒక చోటును గురించి మాత్రమే చెబుతుంది. మిగిలిన ఫైళ్ళలో గొంతు, దూరం, గాలి, రొద వేరుగా ఉండవచ్చు. ఒక ఫైలుకు మందుగా పనిచేసిన అమరిక మరొక ఫైలుకు హాని చేయవచ్చు.

తెలుగు ధ్వనులకు కలిగే ముప్పు

శబ్దాన్ని శుభ్రపరచే సాఫ్టువేరుకు భాష తెలియదు. అది బిగ్గరగా ఉన్నదానిని మాటగానూ, మెల్లగా ఉన్నదానిని రొదగానూ భావిస్తుంది. తెలుగులో కొన్ని అర్థభేదాలు మెల్లని ధ్వనులలోనూ, మౌనంలోనూ ఉంటాయి.

* ద్విత్వాక్షరాలు: క, చ, ట, త, ప అనే పరుషాలను పలికేటప్పుడు గాలి ఒక్క క్షణం ఆగిపోతుంది. ఆ క్షణం రికార్డులో నిశ్శబ్దంగా కనబడుతుంది. ద్విత్వంలో ఈ నిశ్శబ్దం ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. "అటు" అన్న మాటకూ "అట్టు" అన్న మాటకూ భేదం ప్రధానంగా ఈ నిశ్శబ్దపు నిడివిలోనే ఉన్నది. నిశ్శబ్దాన్ని కత్తిరించే ఎఫెక్టును మరీ తక్కువ నిడివికి, ఉదాహరణకు సెకనులో ఇరవయ్యో వంతుకు అమరిస్తే "అట్టు" కాస్తా "అటు"గా వినిపించే ప్రమాదం ఉన్నది.
* ఊష్మాలు: "స" ధ్వని శక్తి ఎక్కువగా 4,000 హెర్ట్జుల పైన ఉంటుంది. సెకనుకు 8,000 నమూనాల స్థాయికి ఫైలును కుదిస్తే 4,000 హెర్ట్జుల పై ధ్వనులన్నీ పోతాయి. అప్పుడు స, శ, ష ల భేదాన్ని గుర్తించడం కష్టమవుతుంది. రొదను అతిగా తగ్గించినా ఇటువంటి నష్టమే కలుగుతుంది, ఎందుకంటే ఊష్మాలు స్వభావం చేత రొదను పోలి ఉంటాయి.
* పదాంతాలు: మాట చివర గొంతు తగ్గడం సహజం. తెలుగులో విభక్తి ప్రత్యయాలు, క్రియాంతాలు అక్కడే ఉంటాయి. మెల్లని శబ్దాన్ని మూసివేసే ఎఫెక్టు వాటిని మింగివేయవచ్చు.

చిలమత్తూరు ప్రాంతపు ఉదాహరణ

చిలమత్తూరు శ్రీ సత్యసాయి జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. లేపాక్షి, హిందూపురం దీనికి సమీపంలో ఉన్నాయి. కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉండడం చేత ఇక్కడ తెలుగు, కన్నడ భాషలు రెండూ వినబడతాయి. వర్షాధారపు వేరుశనగ సాగు, కరువు, వలస ఈ పీఠభూమి జీవితంతో ముడిపడినవి. వాటిని గురించి వృద్ధులు తమ యాసలో చెప్పే సంగతులు చరిత్రకూ, భాషాశాస్త్రానికీ ఆధారాలు.

ఇటువంటి ప్రాంతంలో 400 రికార్డులు సేకరించారని అనుకుందాం. కొన్ని రచ్చబండ దగ్గర, కొన్ని ఇంటిలో ఫ్యాను కింద, కొన్ని పొలంలో మోటారు పక్కన చేసినవి. నైఋతి ఋతుపవన కాలంలో ఈ పీఠభూమిపై గాలి ఉధృతంగా వీస్తుంది. రామగిరి కొండలపై గాలిమరలు నెలకొల్పడానికి కారణం ఇదే. మైకుపై గాలి తగిలినప్పుడు పుట్టే గుబగుబ శబ్దం తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. విద్యుత్తు వలన వచ్చే ఝుంకారం 50 హెర్ట్జుల దగ్గర, దాని గుణిజాల దగ్గర ఉంటుంది.

గాలి శబ్దాన్ని తొలగించడానికి 80 హెర్ట్జుల లోపలి ధ్వనులను కోసివేస్తే మాటకు సాధారణంగా హాని ఉండదు. అదే హద్దును 200 హెర్ట్జులకు పెంచితే గాలి మరింత తగ్గుతుంది గానీ, పురుషుల గొంతులో మూలస్వరం తరచు 100 నుండి 150 హెర్ట్జుల మధ్య ఉంటుంది కనుక గొంతు పలుచబడి వక్త స్వరం మారినట్లు తోస్తుంది. స్త్రీల గొంతుపై మాత్రమే మునుజూపు విన్నవారికి ఈ దోషం అంతగా తెలియదు. కనుక మునుజూపుకు ఎంచుకునే నమూనాలో స్త్రీలు, పురుషులు, వృద్ధులు, ఆరుబయట రికార్డులు, ఇంటిలోని రికార్డులు అన్నీ ఉండాలి.

ఎన్ని ఫైళ్ళు వినాలి

నమూనా పరిమాణాన్ని లెక్కతో నిర్ణయించవచ్చు. మొత్తం ఫైళ్ళలో నూటికి 5 చెడిపోయాయని అనుకుంటే, యాదృచ్ఛికంగా తీసిన 20 ఫైళ్ళు విన్నప్పుడు కనీసం ఒక చెడ్డ ఫైలు దొరికే అవకాశం సుమారు 64 శాతం. 60 ఫైళ్ళు వింటే అది సుమారు 95 శాతానికి పెరుగుతుంది. ఒక్క ఫైలు మాత్రమే విని సరిపెట్టుకుంటే ఆ అవకాశం 5 శాతం మాత్రమే.

పోలిక పద్ధతులు

స్థాయి సమం చేసి వినడం: రెండు శబ్దాలలో కొంచెం బిగ్గరగా ఉన్నది మెరుగైనదిగా చెవికి తోస్తుంది. తేడా ఒక డెసిబెల్ లోపు ఉన్నా ఈ భ్రమ కలుగవచ్చు. అందుచేత పోలికకు ముందు రెండింటి ధ్వని తీవ్రతను సమం చేయాలి. తీవ్రతను కొలిచే విధానాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో నిర్దేశించింది. దాని ఆధారంగా ఐరోపా ప్రసార సంఘం 2010లో మైనస్ 23 లుఫ్స్ అనే ప్రమాణాన్ని సిఫారసు చేసింది.

ఎబిఎక్స్ పరీక్ష: బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సన్, గార్డ్‌నర్ 1950లో ఈ తరహా పరీక్షను ప్రచురించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో అసలు శబ్దం "ఎ", మార్చిన శబ్దం "బి", ఈ రెండింటిలో ఏదో ఒకటి "ఎక్స్". వినేవారు ఎక్స్ ఏదో చెప్పాలి. 16 సార్లలో 12 లేక అంతకంటె ఎక్కువ సార్లు కేవలం ఊహతో సరిగా చెప్పగల అవకాశం 4 శాతం కంటె తక్కువ. కనుక అన్నిసార్లు సరిగా చెప్పినవారికి తేడా నిజంగా వినబడుతున్నదని భావించవచ్చు.

శేషాన్ని వినడం: అసలు శబ్దం నుండి మార్చిన శబ్దాన్ని తీసివేస్తే మిగిలేది తొలగించబడిన శబ్దం. ఆడాసిటీలోని రొద తగ్గించే ఎఫెక్టులో దీనికి ప్రత్యేకమైన ఎంపిక ఉన్నది. శేషంలో గాలి, ఝుంకారం మాత్రమే వినబడితే అమరిక సరైనది. మాటలు వినబడితే రొదతో పాటు మాట కూడా పోతున్నదని అర్థం. ఈ పరీక్షకు సాంకేతిక పరిజ్ఞానం అవసరం లేదు, ఆ యాస తెలిసిన చెవి ఉంటే చాలు.

మెరుగుపరచవలసిన అంశాలు

బ్యాచ్ సాఫ్టువేర్లలో ఈ క్రింది సదుపాయాలు ఉంటే పొరపాట్లు బాగా తగ్గుతాయి:

# ఒక ఎఫెక్టుకు కాక, వరుసలోని ఎఫెక్టులన్నిటికీ కలిపి మునుజూపు.
# అత్యంత మెల్లనిది, అత్యంత బిగ్గరైనది, అత్యంత దీర్ఘమైనది, వీటితో పాటు యాదృచ్ఛికంగా కొన్ని ఫైళ్ళను సాఫ్టువేరే ఎంచి వినిపించడం.
# శబ్దం ఆగకుండా అదే చోట "ముందు", "తరువాత" ల మధ్య ఒకే మీటతో మారే వీలు, స్థాయి దానంతట అదే సమమయ్యే ఏర్పాటు.
# శేషాన్ని వినిపించే మీట.
# పని ముగిసిన తరువాత ప్రతి ఫైలు నిడివి, తీవ్రత మార్పుకు ముందు, తరువాత ఎంతో చూపే పట్టిక. మిగిలిన వాటికి భిన్నంగా మారిన ఫైళ్ళను అందులో ప్రత్యేకంగా గుర్తించాలి.
# తెలుగు లిపిలో ఉన్న ఫైలు పేర్లను చెడగొట్టకుండా ఉంచడం.

మూలప్రతి భద్రత

ఎంత మంచి మునుజూపు ఉన్నా మూలప్రతికి ప్రత్యామ్నాయం కాదు. ధ్వని, దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48,000 హెర్ట్జులు, 24 బిట్ల ప్రమాణంలో మూలప్రతిని దాచాలని సూచిస్తుంది. ఈ ప్రమాణంలో ఒకే చానెలుతో ఒక గంట రికార్డుకు సుమారు 520 మెగాబైట్లు అవసరం. ఆడాసిటీ మాక్రోలు మార్చిన ఫైళ్ళను వేరే ఫోల్డరులో ఉంచుతాయి. అన్ని సాఫ్టువేర్లూ అలా చేయవు గనుక పని మొదలుపెట్టే ముందు నకలు తీసి ఉంచడం శ్రేయస్కరం. వాడిన అమరికలను కూడా రాసి భద్రపరచాలి. అప్పుడు ఎన్ని సంవత్సరాల తరువాతనైనా మూలప్రతి నుండి పనిని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మూలప్రతి పోయి, మాట్లాడినవారు కూడా గతించిన తరువాత, కత్తిరించబడిన అక్షరాన్ని తిరిగి తెచ్చే సాధనం ఏదీ లేదు.

ఇవి కూడా చూడండి

* చిలమత్తూరు
* తెలుగు మాండలికాలు
* ద్విత్వాక్షరం
* ఆడాసిటీ
* గ్రామఫోను