గాలి ఎంత, పెట్రోలు ఎంత: ఒక కొలత చరిత్ర

మేము తమిళ మీడియంలో చదివి, రైల్వేలో గుమాస్తాగా రిటైరైనవాళ్లం. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర పెద్దబాలశిక్షతో నేర్చుకున్నాము. రాతలో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి.

ఈ మధ్య కోయంబత్తూరులో మా పెదనాయన పాత పట్టరై ఖాళీ చేసినాము. మెకానిక్ షెడ్డును మా ఇళ్లల్లో పట్టరై అనే అంటాము. అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. దాని నిండా కార్బురేటర్ సూదులు, జెట్లు, ఫ్లోట్లు. మా అన్న మనవడు ఒక సూది చేతిలోకి తీసుకొని, "ఇది దేనికి తాతా?" అని అడిగినాడు. "మిక్చర్ సరిచేసేదానికి" అన్నాము. వాడు నవ్వినాడు. మన ఊళ్లో మిక్చర్ అంటే దీపావళికి చేసేదే కదా! వాడికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయినాము. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాము.

పంపు స్టవ్వు వాడిన అక్కచెల్లెళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. మంట నీలంగా ఉంటే వంట బాగా అవుతుంది. పచ్చగా లేస్తే గిన్నె అడుగు మసిబారుతుంది. పచ్చ మంట అంటే గాలి చాలలేదని అర్థం. ఇంజన్ లోపల జరిగేదీ అదే. పెట్రోలు నీళ్లలాగా ఉన్నప్పుడు కాలదు, ఆవిరై గాలిలో కలిస్తేనే కాలుతుంది. 1 కిలో పెట్రోలు పూర్తిగా కాలేదానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పాలంటే 1 లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, మసి, ఖర్చు. గాలి ఎక్కువైతే ఇంజన్ వేడెక్కుతుంది, తుమ్ముతుంది, ఆగిపోతుంది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిరి ఇంజన్లు ఇంకా తిరిగేవి. ఫైర్‌మన్ చిమ్నీ పొగ రంగు చూసే బొగ్గు వేసేవాడు. పొగ నల్లగా వస్తే గాలికి మించి బొగ్గు వేసినాడని పక్కనుండే డ్రైవరు తిట్టేవాడు.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో తన మోటారు బండికి పేటెంటు తీసుకున్నప్పుడు ఈ కొలత చాలా మోటుగా ఉండేది. తొట్టిలో పోసిన పెట్రోలు మీదుగా గాలి పోయేది, ఎంత ఆవిరి లేస్తే అంత. తేలికైన భాగం ముందు ఆవిరైపోయేది, బరువైనది అడుగున మిగిలేది. అందువల్ల బయలుదేరినప్పుడు ఉండే పాళ్లు దారి మధ్యలో ఉండవు. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా ఆ బండి నడిపింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ ఊరి మందుల షాపులో కొన్నది. ఇంధనం పైపు మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఆ లెక్కన లోకంలో మొదటి రోడ్డు మెకానిక్ ఒక ఇల్లాలు.

తరువాత 1893. ఆ ఏడాదిలోనే జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగేరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంకా వేరువేరుగా ఒకే దారి పట్టినారు. పెట్రోలును ఆవిరి కానిచ్చి తీసుకునే బదులు, సన్నని రంధ్రంలోంచి గాలి దారిలోకి చిమ్మించినారు. దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు గుర్తుందా? గాలి ఇరుకు దారిలో వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, కింద ఉన్న ద్రవం తనంతట తానే పైకి వచ్చి తుంపరవుతుంది. ఇక్కడా అంతే. ఒక చిన్న తొట్టిలో తేలే ఫ్లోటు పెట్రోలు మట్టం తగ్గకుండా, పెరగకుండా కాపాడుతుంది. జెట్టు రంధ్రం సైజును బట్టి పాళ్లు. వందేళ్లకు పైన లోకమంతా తిరిగిన కార్బురేటర్ మూలం ఇదే.

అదే 1893లో మా కోయంబత్తూరు పక్కన కలంగల్ ఊళ్లో, తెలుగు మాట్లాడే ఇంట్లో జి.డి. నాయుడు గారు పుట్టినారు. 1920లో ఆయన ఒకే ఒక బస్సు కొని పొళ్లాచ్చి, పళని మధ్య స్వయంగా నడిపినారు. ఈ ఊరికి మోటారు పిచ్చి పట్టించినవాళ్లలో ఆయనే ముందు. ఆయన వెనక మన ఇళ్ల నుంచి ఎంతమంది డ్రైవర్లు, క్లీనర్లు, మేస్త్రీలు అయినారో లెక్కలేదు. మా తాత వాళ్లలో ఒకడు.

తాత చేరినది ఒక చిన్న బస్సు కంపెనీలో. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలుకు రేషన్ పెట్టినారు. అప్పుడు వచ్చినవి బొగ్గు బస్సులు. తమిళంలో కరి బస్సు అంటారు. బస్సు వెనక నిలువు డ్రమ్ము, దాని నిండా కట్టెబొగ్గు, అడుగున నిప్పు. కావాలనే గాలి తక్కువగా ఇస్తారు. గాలి నిండుగా అందితే బొగ్గు పూర్తిగా కాలిపోతుంది, ఇంజన్‌కు ఏమీ మిగలదు. తక్కువగా అందితే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు వస్తుంది. దాన్ని వడగట్టి, చల్లార్చి, మళ్లీ సుమారు సరిసమంగా గాలి కలిపి ఇంజన్‌లోకి పంపుతారు. బండి బలం దాదాపు సగానికి పడిపోయేది. మిట్ట వస్తే మనుషులు దిగి తోసేవాళ్లట.

పొద్దున్నే క్లీనరు చేత్తో ఫ్యాను తిప్పి ఆ గ్యాసు పుట్టించాలి. ఒక వానాకాలం పొద్దు తాత, ఇంకొక కుర్రవాడు షెడ్డు తలుపులు మూసుకొని తిప్పినారు. ఆ గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు. డ్రైవరు వచ్చి తలుపు తీసేసరికి ఇద్దరూ పడి ఉన్నారు. తాతను బయటికి లాగితే లేచినాడు. ఆ కుర్రవాడు లేవలేదు. అది మా ఇంట్లో ప్రతి మగపిల్లవాడికి చెప్పే కథ. కానీ దాని అర్థం మాకు యాభై ఏళ్ల తరువాత గానీ తెలియలేదు. అది ముందు చెప్తాము.

ఆ యుద్ధంలోనే ఇంగ్లాండులో ఇదే కొలత ఇంకొక రకంగా ప్రాణం మీదికి తెచ్చింది. స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాల మెర్లిన్ ఇంజన్లకు ఎస్.యు. కంపెనీ కార్బురేటర్ ఉండేది. విమానం ముక్కును చటుక్కున కిందికి వంచితే తొట్టిలోని పెట్రోలు పైకి ఎగిరేది. ఇంజన్‌కు ముందు పెట్రోలు అందదు, ఆ వెంటనే కొలత మించి ముంచెత్తుతుంది. ఇంజన్ ఆగిపోయేది. జర్మనీ విమానాలకు పెట్రోలు నేరుగా ఇంజెక్షన్ పద్ధతిలో పోతుంది కనుక వాళ్లు వంగి తప్పించుకొనేవాళ్లు. ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో పనిచేసిన బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరమ్మ, మోటారుసైకిల్ పందేలలో కూడా పేరున్న మనిషి, 1941లో దీనికి ఉపాయం చెప్పింది. ఇంజన్‌కు గరిష్ఠంగా కావలసినంత పెట్రోలు మాత్రమే పోయేటట్టు ఒక చిన్న రంధ్రం ఉన్న బిళ్ల. విమానాన్ని పని నుంచి తప్పించకుండానే బిగించవచ్చు. అసలు జబ్బు దానితో పూర్తిగా కుదరలేదు గానీ, ముంచెత్తడం ఆగింది.

ఆ ఎస్.యు. కంపెనీ కార్బురేటరే తరువాత మన పాత అంబాసిడర్ కార్లలో వచ్చింది. అది కనిపెట్టిన స్కిన్నర్ అన్నదమ్ములు లండన్‌లో చెప్పుల వ్యాపారం చేసే ఇంటివాళ్లు. మొదటి నమూనాలో తోలు తిత్తి పెట్టినారు. తరువాత దాని బదులు లోహపు పిస్టన్ వచ్చింది. గాలి ఎక్కువ పోతే పిస్టన్ లేస్తుంది, దానికి తగిలించిన సూది కూడా లేస్తుంది. సూది కిందికి పోనుపోను సన్నం. ఎంత లేస్తే జెట్టులో అంత సందు. బిస్కెట్ల డబ్బాలో మనవడి చేతికి దొరికినది ఆ సూదే.

మా పెదనాయన చేయి ఈ కార్బురేటర్ మీద పడితే చూడాలి. ఇంజన్ నడుస్తుండగా పిస్టన్‌ను వేలితో వెంట్రుకవాసి పైకి లేపేవాడు. కళ్లు మూసుకొని వినేవాడు. ఇంజన్ వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ. వెంటనే ఆగబోతే పెట్రోలు తక్కువ. కొంచెం పెరిగి మళ్లీ తగ్గి సర్దుకుంటే సరి. పెట్రోలు ఎక్కువైన బండిని "అజీర్ణం చేసింది" అనేవాడు. తక్కువైతే "పస్తుంది పాపం" అనేవాడు. ప్లగ్గు విప్పి రంగు చూసి, "నాలుక చూసినాను, జ్వరం లేదు" అనేవాడు. ఈ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. తమిళనాడు నడిబొడ్డున, గ్రీజు చేతులతో, తెలుగులో పుట్టిన మాటలివి.

ఇప్పుడు అసలు సంగతి. 1990ల్లో బండ్లకు పొగ పరీక్ష వచ్చింది. పాత అంబాసిడర్ ఒకటి పెదనాయన సరిచేసి పంపినాడు. ఇంజన్ వీణలాగా ఉంది. పరీక్షలో తప్పింది. ఆయనకు పౌరుషం వచ్చి తానే పోయినాడు, మేమూ వెంట ఉన్నాము. పొగగొట్టంలో గొట్టం పెట్టినారు. ఇంజన్ నిలకడగా తిరిగేటప్పుడు నాలుగు చక్రాల బండికి 3 శాతం లోపల ఉండాల్సినది, 5 దాటింది. "ఏది 5 దాటింది?" అని పెదనాయన అడిగినాడు. "కార్బన్ మోనాక్సైడ్ సార్. గాలి చాలక సగం కాలితే వస్తుంది. వాసన తెలియదు, మూసిన గదిలో మనిషిని చంపేస్తుంది" అన్నాడు ఆ పిల్లవాడు.

పెదనాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మాతో, "నాయన పడిపోయినది ఈ గాలికేరా" అన్నాడు. ఇంజన్ నున్నగా తిరిగేదానికి ఆయన ఎప్పుడూ ఒక వీసమెత్తు పెట్రోలు ఎక్కువే పెట్టేవాడు. బండి యజమాని సంతోషపడేవాడు. చెవి ఇంజన్ మాట వింటుంది గానీ, వెనక సైకిల్ మీద వచ్చేవాడి గుండె మాట వినదు. ఆ రోజు అక్కడే పానా తీసుకొని నట్టు తిప్పినాడు. ఇంజన్ కొంచెం గరగరమంది, ముల్లు 3 కిందికి వచ్చింది. తరువాత ఎవరి బండికీ ఆ వీసమెత్తు కలపలేదు.

అప్పటికే బయటి దేశాల్లో చెవి బదులు ఇంకొకటి వచ్చేసింది. 1976లో బాష్ కంపెనీ తయారుచేసిన లాంబ్డా సెన్సర్‌ను వోల్వో 240 కార్లలో పెట్టినారు. అది పొగగొట్టంలో కూర్చుని కాలిన గాలిలో ప్రాణవాయువు మిగిలిందా లేదా అని చూస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 1 వోల్టుకు దగ్గరగా, తక్కువైతే దాదాపు సున్నాకు దగ్గరగా సంకేతం ఇస్తుంది. కంప్యూటరు అప్పటికప్పుడు ఇంజెక్షన్ తగ్గిస్తుంది, పెంచుతుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఇది తప్పనిసరి. సగం కాలిన వాయువులకు ఆక్సిజన్ చేర్చాలి, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్ విడదీయాలి. రెండు పనులూ ఒకేసారి జరగాలంటే పాళ్లు 14.7 దగ్గరే నిలబడాలి. ఏ మేస్త్రీ చెవికీ అది సాధ్యం కాదు.

మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఈ కన్వర్టర్ వచ్చింది. సీసం ఉంటే కన్వర్టర్ పాడవుతుంది కనుక సీసం లేని పెట్రోలూ దానితోనే వచ్చింది. 2000లో దేశమంతా సీసం పెట్రోలు ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చినాక కొత్త మోటారుసైకిళ్లలో కూడా కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది.

మా అన్న అప్పుడే పట్టరై మూసేసినాడు. "ఇనుము మాట్లాడితే వింటాను, కంప్యూటరు మాట్లాడితే నాకేం తెలుసు" అన్నాడు. ఇలాగ మన ఇళ్లల్లో ఎన్ని షెడ్లు మూతపడినాయో మీకు తెలుసు. ఆ బాధ చిన్నది కాదు. కానీ మేము పాతకాలమే బంగారం అని రాయలేము. పొగలో ఏముందో పెదనాయనకు చెప్పినది ఆ యంత్రమే. దాన్ని నమ్మి చేయి తిప్పినది పెదనాయన. యంత్రానికి కొలత తెలుసు, ఆ కొలత ఎవరి కోసమో మనిషికి తెలియాలి.

మా అన్న కొడుకు ఇప్పుడు స్కానర్ పెట్టుకొని ఒక షెడ్డులో పనిచేస్తాడు. మొన్న ఒక కారు సంగతి చెప్తూ, "సెన్సర్ పోయింది చిన్నాయనా, బండికి అజీర్ణం" అన్నాడు. మాకు కళ్లు చెమర్చినాయి. మాట ఇంకా బతికే ఉంది.

మీ ఇళ్లల్లో మేస్త్రీలు, డ్రైవర్లు, పంపుసెట్టు పనివాళ్లు ఉంటే వాళ్లు ఇంజన్‌తో, మోటారుతో ఏ మాటలు మాట్లాడేవాళ్లో అడిగి రాసి పంపండి. హోసూరు, మదురై, బళ్లారి, బరంపురం, షోలాపూరు ఎక్కడివాళ్లైనా సరే. తమిళ లిపిలో రాసినా, కన్నడంలో రాసినా మేము తెలుగులోకి ఎత్తి రాసి పెడతాము. పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగండి.