గెలిచిన డిస్కు రాని ఊరు

ఎక్కువ స్పష్టత గల సినిమా డిస్కులు హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రేల పోరు గురించి రాసేవాళ్లు ఎక్కువమంది ఒక్కమాటతో తేల్చేస్తారు: సోనీ తన ఆటల యంత్రం ప్లేస్టేషన్ 3లో బ్లూ-రే డ్రైవ్ పెట్టింది, గెలిచింది. గెలుపు ఎలా కుదిరిందో ఈ కథ సగమే చెబుతుంది. గెలిచిన డిస్కు ఎవరి ఇళ్లకు చేరిందన్న సంగతి అసలే ఎత్తదు. ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి లాంటి ఊళ్లో కూర్చుని ఆలోచిస్తే ముందు తట్టేది ఆ సంగతే.

తొలి రోజులు అందరికీ తెలిసినవే. 1982లో సీడీ, 1993లో వీసీడీ ప్రమాణం, 1996 చివర్లో జపాన్‌లో డీవీడీ. డీవీడీ అప్పుడూ సోనీ-ఫిలిప్స్ ఒకవైపు, తోషిబా-టైమ్ వార్నర్ మరోవైపు నిలబడి, 1995లో రాజీపడ్డాయి. పదేళ్ల తర్వాత సోనీ పక్షం బ్లూ-రేతో, తోషిబా పక్షం హెచ్‌డీ డీవీడీతో దిగినప్పుడు అలాంటి రాజీ కుదరలేదు.

కొత్త డిస్కులు రెండూ 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్‌తోనే చదివేవి. అసలు తేడా పొర లోతులో ఉంది. బ్లూ-రేలో సమాచారం పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, హెచ్‌డీ డీవీడీలో మామూలు డీవీడీ లాగే 0.6. అందుకే బ్లూ-రే ఒక్కో పొరలో 25 జీబీ పట్టింది, రెండోది 15 దగ్గర ఆగింది. కానీ ఆ 0.6 వల్ల పాత డీవీడీ ఫ్యాక్టరీల్లోనే కొద్ది మార్పులతో హెచ్‌డీ డీవీడీ తయారయ్యేది. తోషిబా ధైర్యమంతా అదే. బ్లూ-రేకు గీతల భయం ఎక్కువ. మొదట్లో దాన్ని కార్ట్రిడ్జ్‌లో పెట్టి అమ్మారు. టీడీకే వాళ్ల గట్టి పూత వచ్చాక గానీ ఆ తొడుగు పోలేదు.

మరి చౌకది ఎందుకు ఓడింది? 2007 ఆగస్టులో సినిమా స్టూడియో పారామౌంట్ హెచ్‌డీ డీవీడీ పక్షం చేరింది. నవంబరులో అమెరికాలో వాల్‌మార్ట్ తోషిబా ప్లేయర్‌ను వంద డాలర్ల లోపే అమ్మింది. అప్పుడు ప్లేస్టేషన్ 3లో తక్కువ ధరదే 399 డాలర్లు. అయినా, రెండు రకాల్లోనూ సినిమాలు ఇస్తున్న వార్నర్ 2008 జనవరి 4న ఇకపై బ్లూ-రే ఒక్కటేనని ప్రకటించింది. 46 రోజులకు, ఫిబ్రవరి 19న, తోషిబా చేతులెత్తేసింది. ప్లేస్టేషన్ పాత్ర లేదని నేననను. 2007 మొదటి సగంలో అమెరికాలో బ్లూ-రే సినిమాలు హెచ్‌డీ డీవీడీలకంటే దాదాపు రెట్టింపు అమ్ముడయ్యాయంటే అందులో దాని వాటా పెద్దదే. ఆటలవాళ్లకూ ఆ చోటు అవసరమైంది: పోటీ యంత్రం ఎక్స్‌బాక్స్ 360 ఆటలు డీవీడీల మీదే ఉండిపోవడంతో లాస్ట్ ఒడిస్సీ అనే ఆట నాలుగు డిస్కులైంది. అయినా, ఆట కోసం కొన్న యంత్రం దానంతటది సినిమా డిస్కును నిలబెట్టలేదు. తీర్పు చెప్పింది సినిమాల హక్కులు చేతిలో ఉన్నవాళ్లు.

ఇక మనవైపు సంగతి. ప్లేస్టేషన్ 3 2007 ఏప్రిల్‌లో ఇండియాకు 39,990 రూపాయల ధరతో వచ్చింది. అదే ఏడాది మోసర్ బేర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మింది. కనిగిరి లాంటి ఊళ్లలో రాజ్యమేలింది ఆ వీసీడీయే. బొమ్మ 352×288 చుక్కలే. ఒక్క సినిమాకు రెండు మూడు డిస్కులు. సగంలో లేచి డిస్కు మార్చాలి. కరెంటు పోయి వస్తే సినిమా మళ్లీ మొదటి పాట నుంచే. అద్దె డిస్కు గీతలు పడి ఆగిపోతే సబ్బునీళ్లతో కడిగి, బనీను గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడిచి మళ్లీ పెట్టేవాళ్లు. తర్వాత అయిదు సినిమాలు ఒకే డీవీడీలో కుక్కినవి వచ్చాయి, ఆ తర్వాత సెల్ షాపుల్లో మెమరీ కార్డులకు సినిమాలు ఎక్కించడం.

ఇదంతా చూసి, పైరసీయే బ్లూ-రేని రానివ్వలేదని తేల్చడం తొందరపాటు. పైరసీ నష్టం కాదనలేం. కానీ ఇంట్లో ఉన్నది పిక్చర్ ట్యూబ్ టీవీ. దానికి బ్లూ-రే తగిలించినా అదనపు చుక్కలు తెర మీదికి రావు. పల్చటి టీవీలు అందుబాటు ధరకు దిగేసరికి జనం ఫోన్లలో చూడ్డం అలవాటు చేసుకున్నారు. 2016లో జియో చౌక డేటాతో వచ్చాక డిస్కు ఊసే లేదు. మోసర్ బేర్ 2018లో దివాలా ప్రక్రియలో లిక్విడేషన్‌కు వెళ్లింది.

ఈ మార్పును ప్రగతి అని మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. బ్లూ-రేలో బొమ్మకు సెకనుకు 40 మెగాబిట్ల దాకా చోటుంది. నెట్‌లో అదే సినిమా అందులో కొంత భాగానికి నొక్కుకుపోయి వస్తుంది. ఓటీటీలో హక్కుల గడువు తీరితే సినిమా మాయమవుతుంది. బాహుబలికి జపాన్‌లో శ్రద్ధగా వేసిన బ్లూ-రే దొరుకుతుంది. 1950లు, 60ల తెలుగు సినిమాల్లో చాలావాటికి యూట్యూబ్‌లో ఉన్న పాత వీడియో కాపీలే గతి. మాయాబజార్‌కు 2010లో రంగులద్దడానికి పెట్టిన శ్రద్ధలో కొంతైనా నలుపు-తెలుపు నెగెటివ్‌లను శుభ్రంగా స్కాన్ చేయడానికి నిర్మాణ సంస్థలు పెట్టాలి. డిస్కు మీద వేసినా వేయకపోయినా, ముందు ఆ స్కాన్ ఉండాలి.