టిక్కెట్టుకో పేరు

బ్లాకులో టిక్కెట్లమ్మడం మన సినిమా హాళ్ల దగ్గర పుట్టిన విద్యనుకుంటున్నారా? కాదండీ! 1867లో చార్లెస్ డికెన్స్ తన కథలు చదివి వినిపించడానికి అమెరికా వెళితే, రెండు డాలర్ల టిక్కెట్టును దళారులు ఎన్నో రెట్లకు అమ్ముకున్నారు. కూలికి మనుషుల్ని తెచ్చి మరీ క్యూలో నిలబెట్టారు. మేనేజరు జార్జ్ డాల్బీ ఏం చెయ్యగలడు? కొన్నవాడెవరో, వచ్చినవాడెవరో టిక్కెట్టు చెప్పదు కదా!

ఆ కాగితానికి నోరొచ్చింది. 2006లో జర్మనీలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్ టిక్కెట్ల మీద ప్రేక్షకుడి పేరు అచ్చేసి, లోపల చిప్పు పెట్టారు. 2022లో ఖతార్‌లోనైతే టిక్కెట్టొక్కటే చాలదన్నారు. ‘హయ్యా’ అనే డిజిటల్ గుర్తింపు కార్డు కూడా ఉండాలన్నారు.

దళారి నోట్లో మట్టి పడితే సంతోషమే. కానీ జ్వరమొచ్చిన అన్న, తన టిక్కెట్టు తమ్ముడి చేతిలో పెట్టి "నువ్వెళ్లి చూసిరారా" అనడం మునుపటంత తేలిక కాదు. దొంగ కోసం దొరల జేబులూ తడమాల్సి వచ్చింది మరి!