గాయపడిన సిపాయి – గొప్పవారి మాటసాయము

డిసెంబరు నెల వచ్చినదనగా మా కార్యాలయమున ఒక రేకు డబ్బాయు, గుండుసూదులతో కూడిన కాగితపు జెండాల కట్టయు మా బల్లమీదికి వచ్చుచుండెడివి. ఇతరులెవ్వరును పూనుకొనని పని గనుక, గుమాస్తాలలో మెత్తనివారమైన మాకే అది అంటుకొన్నది. ఎరుపు, ముదురు నీలము, లేత నీలము అను మూడు పట్టెల ఆ చిన్న జెండా మన సైనిక, నౌకా, వైమానిక దళములకు గుర్తు. 1949వ సంవత్సరము నుండి ప్రతి యేటను డిసెంబరు 7వ తేదీని సాయుధ దళముల పతాక దినముగా మన దేశమున పాటించుచున్నారు. నాడు వసూలైన సొమ్ము యుద్ధములలో గాయపడినవారికిని, మరణించినవారి కుటుంబములకును, కొలువు విరమించిన సైనికులకును చెందును. పేరుమోసిన నటుడో, క్రికెట్ ఆటగాడో పత్రికలలో విజ్ఞప్తి చేసిన యేడు మా డబ్బా మధ్యాహ్నమునకే బరువెక్కెడిది. అట్టి పిలుపు లేని యేడు మేము బల్లబల్లకు తిరిగి బతిమాలుకొనవలసి వచ్చెడిది. జెండా అదియే, సిపాయి గాయమును అదియే.

దీనిని చూచి మాకు కొంత నవ్వును, కొంత బాధయు కలిగెడివి. గొప్పవారి మాటసాయము వలన గాయపడిన సిపాయికి నిజముగా ఒరిగినదేమి అను ప్రశ్న నాటినుండియు మమ్ము విడువలేదు. ఈ సంచికలో విజయనగర రాజులను గూర్చియు, తంజావూరు నాయకులను గూర్చియు వ్రాయగల పండితులు పలువురు గలరు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవారము. అయినను నేడు పుణె అని పిలువబడు పూనా నగరమున, ఖడ్కీ దండు ప్రాంతమున మూడు తరములుగా కాపురమున్నవారము గనుక, ఈ విషయమున కంటితో చూచినదియు, చదివి తెలిసికొన్నదియు మనవి చేయుచున్నాము.

మా తల్లిగారి తండ్రి పాలమూరు సీమనుండి రాతిపనికై ఇచ్చటికి వలస వచ్చెను. ఆయన కుమారుడు, అనగా మా మేనమామ, సైన్యమున చేరెను. 1971వ సంవత్సరపు డిసెంబరు యుద్ధమున పడమటి సరిహద్దునందు మందుపాతర ప్రేలి ఆయన ఎడమకాలు మోకాటి క్రిందికి పోయినది. సైనిక వైద్యశాలలో నున్నప్పుడు ఒక సినిమా నటుడు క్షతగాత్రులను పరామర్శింప వచ్చెను. ఆ నటుని పేరు ఇచట అనవసరము. మామ మంచము ప్రక్క నిలిచి, భుజముపై చేయివేసి, ఛాయాచిత్రము తీయించుకొనెను. అది మరునాడు ఒక మరాఠీ పత్రికలో పడెను. ఉద్యోగము సంగతి తాను చూచెదనని ఆయన అన్న మాటను మా అమ్మమ్మ నెలల తరబడి ఇరుగుపొరుగుల వారితో చెప్పుకొన్నది. మామ మూడు ఉత్తరములు వ్రాసెను. మూడవదానికి జవాబుగా, సంతకముతో కూడిన నటుని బొమ్మ యొకటి వచ్చినది.

ఆ నటుని నిందించుట మా ఉద్దేశము కాదు. ఆయన వచ్చిననాడు ఆ వార్డులో పదునైదు దినములుగా నోరు మెదపనివాడు సైతము నవ్వెనని మామయే చెప్పెడివాడు. అదియు ఒక సాయమే. కాని అక్కడితో ఆగనివారును లోకమున గలరు. వారిలో మొట్టమొదట చెప్పదగినవాడు ఇంగ్లండు దేశస్థుడైన సర్ ఆర్థరు పియర్సను.

పియర్సను పత్రికాధిపతి. 1900వ సంవత్సరమున డెయిలీ ఎక్స్‌ప్రెస్ అను దినపత్రికను స్థాపించినవాడు. అంతటి వానికి నీటికాసుల వ్యాధి సోకి క్రమముగా చూపు పూర్తిగా పోయెను. పత్రికలను అమ్మివేసి, తన శేషజీవితమును అంధుల సేవకు వినియోగించెను. 1914లో మహాయుద్ధము ఆరంభమైనది. తూటాలకును, విషవాయువులకును కండ్లు పోగొట్టుకొన్న పడుచు సిపాయిలు ఓడలపై తిరిగి రాజొచ్చిరి. వారికొరకు పియర్సను 1915లో లండనులో ఒక వసతిగృహమును తెరచెను. అది త్వరలోనే రీజెంట్సు పార్కులోని సెంట్ డన్‌స్టన్స్ అను భవనమునకు మారినది. ఒక అమెరికా ధనికుడు ఆ భవనమును వాడుకకు ఇచ్చెను. ఆ ఇంటి పేరే సంస్థకు పేరైనది.

చందాలు రాబట్టుటలో పత్రికాధిపతికి తెలియని కిటుకు లేదు. దొరలను, దొరసానులను, రాజకుటుంబీకులను రప్పించి, వారి పేర్లను పత్రికలలో వేయించి సొమ్ము కూడబెట్టెను. అయితే లోపల ఆయన పద్ధతి వేరు. కొత్తగా చూపు పోయినవాని మంచము వద్దకు పోయి, వ్రేళ్ళతో తడవి కాలము తెలిసికొనదగిన గడియారమును చేతిలో పెట్టెడివాడు. రాత్రియో పగలో తెలియక తల్లడిల్లువానికి మొదట కావలసినది కాలజ్ఞానమని, ఆ చీకటిని తాను అనుభవించిన పియర్సనుకు తెలియును. అటుపిమ్మట బ్రెయిలీ లిపి, టైపు యంత్రము, చాపలల్లుట, బుట్టలల్లుట, చెప్పులు బాగుచేయుట, కోళ్ళపెంపకము, అంగమర్దనము మొదలగు పనులు నేర్పించెడివాడు. చూడవచ్చినవారు జాలి మాటలు పలుకుట ఆయనకు సరిపడకుండెను. అదే 1915లో, లూసిటానియా ఓడ మునిగినప్పుడు బ్రతికి బయటపడిన జార్జి కెస్లరు అను వర్తకుడు పియర్సను పనిని చూచి, మిత్రదేశముల అంధ సైనికులకై మరియొక నిధిని నెలకొల్పెను. చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లరు అప్పటికే జగత్ప్రసిద్ధురాలు. ఆమె తన పేరును, శ్రమను దానికి అర్పించెను.

1921లో పియర్సను మరణించెను. పెద్ద పేరు పోయిన తరువాత సంస్థ కూలునా నిలుచునా అనునదియే అసలు పరీక్ష. కూలలేదు. ఎందువలననగా ఆయన స్థానమునకు వచ్చిన ఇయాన్ ఫ్రేజరు, 1916లో సొమ్ నదీ యుద్ధమున చూపు పోగొట్టుకొని అదే గృహమున శిక్షణ పొందినవాడు. ఆయన 1974 వరకు, అనగా ఏబదిరెండేండ్లకు పైగా, దానిని నడిపెను. ఆ సంస్థ వేరు పేరుతో నేటికిని నడచుచున్నది.

ఆ 1921వ సంవత్సరముననే ఇంగ్లండులో మరియొక పెద్ద పేరు సిపాయిల సాయమునకు దిగినది. అది సేనాపతి హేగు పేరు. సొమ్ యుద్ధపు మొదటి దినమున, 1916 జూలై 1న, ఒక్క బ్రిటిషు సైన్యమునందే 57,470 మంది నష్టపడిరి. వారిలో 19,240 మంది మృతులు. ఆ సైన్యమునకు అధిపతి హేగు. యుద్ధానంతరము ఆయనయే మాజీ సైనికుల సంఘమునకు పెద్దయై, నవంబరు 11వ తేదీని ఎఱ్ఱని గసగసాల పూలను అమ్మించి నిధి కూర్చెను. మొదటి యేడే లక్షా ఆరువేల పౌండ్లు వచ్చెను. మరుసటి యేడు మేజరు హౌసను అను నతడు ఐదుగురు వికలాంగ సైనికులతో లండనులో ఆ పూల కర్మాగారమును పెట్టెను. ఒక చేయి మాత్రమే గలవాడును కూర్చగలుగునట్లు ఆ పువ్వును రూపొందించిరి. దాని నడుమనున్న నల్లని బొత్తాముపై 1994 వరకు హేగు నిధి అను అక్షరములుండెను. స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశమునందును ఆ పూలను అమ్మెడివారు.

కాళ్ళుచేతులు పోవుటకు దారితీసిన ఆజ్ఞలిచ్చినవాని పేరే కాళ్ళుచేతులు లేనివాడు చేసిన పువ్వుపై నుండుట మాకు మ్రింగుడుపడదు. అయినను గాయపడినవారికి తగిన భృతి ఏర్పడునంతవరకు తనకు బిరుదము వలదని హేగు పట్టుపట్టెననుటయు చరిత్రలోనిదే. ఆయనపై మాకు పూర్తి కోపము రాదు, పూర్తి గౌరవమును కలుగదు. ఆ ఐదుగురిని పనిలో కూర్చుండబెట్టిన హౌసను పేరు మాత్రము మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఎచ్చటను కానరాదు.

సెంట్ డన్‌స్టన్స్ గృహమున పెట్టిన దీపము మన దేశమునకును వచ్చినది. న్యూజిలండు వాడైన క్లూథా మెకంజీ 1915లో గలిపోలీ యుద్ధమున రెండు కండ్లును పోగొట్టుకొని, పియర్సను గృహమున చేరి బాగుపడెను. రెండవ మహాయుద్ధకాలమున ఆయన హిందూదేశమునకు వచ్చి, 1943లో డెహరాడూనులో భారతీయ అంధ సైనికులకొరకు అదే పేరుతో ఒక శిక్షణాలయమును నెలకొల్పెను. 1950లో భారత ప్రభుత్వము ఆ స్థలమును స్వీకరించి, పౌరులైన అంధులకును తలుపులు తెరచెను. ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క తీరుననున్న బ్రెయిలీ లిపులను ఏకము చేయు ప్రయత్నమునందును మెకంజీ పాటుపడెను. 1951లో భారతీ బ్రెయిలీ స్థిరపడినది. ఆ యేడే డెహరాడూనులో బ్రెయిలీ ముద్రణాలయము వెలసినది. నేడు తెలుగు బిడ్డ వ్రేళ్ళతో తడవి చదువు తెలుగక్షరములు ఆ పద్ధతివే. గలిపోలీ గుట్టలపై పోయిన కండ్లకును మన ఓనమాలకును ఇట్టి చుట్టరికము గలదని తెలిసిననాడు మేము చాలసేపు ఊరకుంటిమి.

ఇక మా ఖడ్కీ సంగతి. మొదటి మహాయుద్ధమునకు మన దేశమునుండి పది లక్షలకు పైగా మనుష్యులు సముద్రములు దాటి పోయిరి. అంగహీనులై తిరిగి వచ్చినవారికి చేతిపనులు నేర్పుటకై బొంబాయి గవర్నరు భార్యయైన లేడీ విల్లింగ్డను 1917లో బొంబాయిలో ఒక పాఠశాలను పెట్టించెను. ఈ దంపతులే తరువాత మద్రాసునకు గవర్నరు పదవిపై పోయిరి. తమిళనాటి మన వారికి ఆ పేరు తెలిసియే యుండును. పాఠశాలకు మేరీ మహారాణి పేరు పెట్టిరి. ఆ రాణి 1911లో ఢిల్లీ దర్బారునకు వచ్చిపోయిన ఆరేండ్లకు పుట్టిన బడి అది. పేరు కొరకు చందాలిచ్చిన జమీందారులును, సేట్లును లేకపోలేదు. బడి తరువాత ఖడ్కీకి మారినది. రాణి పోయినది, రాజ్యము పోయినది, బడి మాత్రము మిగిలినది. మా మామ 1973లో ఆ గేటులోనికి ఊతకర్రలతో పోయి, కుట్టుపని నేర్చుకొని వెలుపలికి వచ్చెను.

1965 యుద్ధకాలమున తెలుగువారి మహానటి సావిత్రి, ప్రధాని లాల్ బహదూరు శాస్త్రి గారిని కలిసి, ఒంటిమీది నగలను రక్షణ నిధికి సమర్పించెను. 1962లో ఏర్పడిన ఆ జాతీయ రక్షణ నిధి సైనికుల యొక్కయు, వారి కుటుంబముల యొక్కయు క్షేమమునకు ఉద్దేశింపబడినది. ఇతరులను ఇండని కోరుటకు ముందు తాను వలిచి ఇచ్చినది. మా ఇంటి ఆడవారు ఈ కథను ఎన్నిమారులు చెప్పుకొన్నారో లెక్కలేదు.

ఆ యుద్ధముననే మురళీకాంత్ పేట్కర్ అను మరాఠీ జవాను వంటిలో అనేక తూటాలు దిగి, నడుము క్రింది భాగము చచ్చువడినది. వైద్యమునకై మొదలిడిన ఈత ఆయనకు బ్రతుకుదారి చూపెను. ప్రసిద్ధ క్రికెట్ వీరుడు విజయ్ మర్చంట్ అప్పటికి ఆట విరమించి, వికలాంగుల పనిలో నుండెను. ఆయన సంస్థయే పేట్కర్ ప్రయాణపు టిక్కెట్టును, ఇతర వ్యయములను భరించినది. 1972లో జర్మనీ దేశపు హైడెల్బర్గు నగరమున జరిగిన పారాలింపికు పోటీలలో పేట్కర్ 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. ఒలింపికులలో గాని, పారాలింపికులలో గాని వ్యక్తిగత స్వర్ణము గెలిచిన మొదటి భారతీయుడు ఆయనయే. తరువాత పుణెలోని టెల్కో కర్మాగారమున ఉద్యోగము చేసెను. వెన్నెముక దెబ్బతిన్న సైనికులకై 1974లో ఖడ్కీయందు ప్రత్యేక కేంద్రము వెలసినది.

పేట్కర్‌కు 2018లో పద్మశ్రీ వచ్చెను. 2024లో ఆయన జీవితముపై హిందీ చలనచిత్రము వచ్చినది. అది చూచి వచ్చిన మా మనుమడు, ఇంతటివాడు మన ఊరివాడే కదా, ఇన్నాళ్ళు ఎవరును చెప్పలేదేమి అని మమ్మడిగెను. పతకమునకును చిత్రమునకును నడుమ ఏబదిరెండేండ్లు. తెరపై నటుని చూచి చప్పట్లు కొట్టినవారు లక్షలు. 1972లో టిక్కెట్టు కొనుటకు ముందుకు వచ్చినవాడు మర్చంట్. ఆయన బ్యాటు పట్టిన కథలు మా తరము వారికి కంఠస్థములు. ఈ టిక్కెట్టు సంగతి మాకు సినిమా వచ్చిన పిదపనే తెలిసినది.

మా మామ ఖడ్కీనుండి వచ్చి, అప్పుచేసి ఒక కుట్టుమిషను కొని, క్యాంపు బజారు సందులో బడిపిల్లల దుస్తులు కుట్టుచు ఇరువురు కుమార్తెలకు పెండ్లిండ్లు చేసెను. ఎడమకాలి కొయ్యతో మిషను త్రొక్కుట చేతకాక, కుడికాలితోనే త్రొక్కునట్లు పలకను తానే మార్చుకొనెను. ప్రతి డిసెంబరున మా డబ్బాలో మొదటి రూపాయి వేయువాడు ఆయనయే. 2009లో ఆయన కాలము చేసిన పిమ్మట, మేము మిషను సొరుగును తెరచి చూచితిమి. సుద్దముక్కలు, తెగిన సూదులు, వాని అడుగున మడతలు చినిగిన మరాఠీ పత్రికాఖండము. ఒక వైపున నటుడును, మంచముపై మామయు. రెండవ వైపున, అచ్చు అక్షరముల మీదుగా, పెన్సిలుతో ఎవరిదో బడిపిల్లవాని నిక్కరు కొలతలు.