పుట్టిన వారమే పేరు: ఘనాలో అకాన్ నామకరణ సంప్రదాయం

ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పూర్తి పేరు కోఫీ అట్టా అన్నన్. పశ్చిమాఫ్రికాలోని అకాన్ ప్రజల సంప్రదాయంలో ‘కోఫీ’ అంటే శుక్రవారం పుట్టిన మగబిడ్డ, ‘అట్టా’ అంటే కవలల్లో ఒకరు, ‘అన్నన్’ అంటే నాలుగో సంతానం. ఆయన 1938 ఏప్రిల్ 8న, శుక్రవారం నాడు, కుమాసి నగరంలో జన్మించారు. కవల సోదరి పేరు ఎఫువా అట్టా.

వందలాది భాషలున్న ఆఫ్రికాలో నామకరణ పద్ధతులు కూడా అనేకం. వాటిలో ప్రసిద్ధమైన ఈ పద్ధతిని ఘనా, ఐవరీ కోస్ట్ దేశాల్లోని అకాన్ ప్రజలు పాటిస్తారు. బిడ్డ ఏ వారం పుడితే ఆ వారానికి చెందిన పేరు పుట్టుకతోనే వస్తుంది. ఆత్మను అకాన్ భాషలో ‘క్రా’ అంటారు. అందుకే వారం పేరును ‘క్రాదిన్’, అంటే ఆత్మనామం అని వ్యవహరిస్తారు. సాధారణంగా ఎనిమిదో రోజున జరిగే వేడుకలో దీనికి మరో పేరును జతచేస్తారు.

వారాల పేర్లలో మొదటిది మగబిడ్డకు, రెండవది ఆడబిడ్డకు:

సోమవారం: క్వాజో, అజువా
మంగళవారం: క్వాబెనా, అబెనా
బుధవారం: క్వాకు, అకువా
గురువారం: యావ్, యా
శుక్రవారం: కోఫీ, అఫువా
శనివారం: క్వామె, అమా
ఆదివారం: క్వాసీ, అకోసువా

మాండలికాన్ని బట్టి ఈ రూపాలు కొంత మారుతాయి. అన్నన్ సోదరి పేరులోని ‘ఎఫువా’ అనేది ‘అఫువా’కు ఫాంటే మాండలిక రూపం. 1900లో బ్రిటిష్ సైన్యంపై అషాంతీల యుద్ధానికి నాయకత్వం వహించిన యా అసంతెవా పేరులో గురువారం ఉంది.

లిఖిత రికార్డులు కొరవడిన చోట ఈ పేర్లు సాక్ష్యంగానూ నిలుస్తాయి. ఘనా తొలి అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రుమా జన్మదినాన్ని ఆయనకు జ్ఞానస్నానం చేయించిన మతగురువు 1909 సెప్టెంబరు 21గా నమోదు చేశారు. జయంతిని ఆ తేదీనే జరుపుతారు. అయితే క్యాలెండరు ప్రకారం అది మంగళవారం. తాను శనివారం పుట్టినట్టు ఎన్‌క్రుమా తన ఆత్మకథలో పేర్కొన్నారు. ‘క్వామె’ అనే పేరు చెప్పేదీ అదే.

అట్లాంటిక్ బానిస వ్యాపారంలో అమ్ముడుపోయిన అకాన్‌లతో పాటు ఈ పేర్లూ సముద్రం దాటాయి. యజమానులు పెట్టిన పేర్ల నడుమ ఇవి కరీబియన్ తోటల్లో నిలిచి, యూరోపియన్ల రాతలో రూపం మార్చుకున్నాయి. బ్రిటిష్ పాలకులతో 1739లో ఒప్పందం కుదుర్చుకున్న జమైకా మరూన్ల నాయకుడు కుడ్జో పేరుకు మూలం సోమవారపు ‘క్వాజో’. ఆదివారపు ‘క్వాసీ’ మాత్రం అదే జమైకాలో ‘క్వాషీ’గా మారి, మూర్ఖుడనే అర్థంలో తిట్టుగా స్థిరపడింది.

‘కోఫీ’ అక్కడ ‘కఫీ’ అయింది. 1763 ఫిబ్రవరి 23న డచ్ వలస బెర్బీస్‌లో మొదలైన బానిసల తిరుగుబాటుకు నాయకత్వం వహించిన కఫీ నేడు గయానా జాతీయ వీరుడు. ఆ దేశం 1970లో అదే తేదీన గణతంత్రంగా అవతరించింది.